"గౌల్డ్ స్వయంగా రంగులేసిన" మోనాల్ బొమ్మ: నా 32 వేలు పోయాయి, మీరు జాగ్రత్త

పాతకాలం పక్షుల బొమ్మలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి.

రెండు నెలల క్రితం ఫేస్‌బుక్‌లో ఒకతను హిమాలయన్ మోనాల్ అనే పక్షి బొమ్మ అమ్మకానికి పెట్టాడు. "1831 నాటి ఒరిజినల్, జాన్ గౌల్డ్ స్వయంగా గీసి చేత్తో రంగులు వేసినది" అని రాశాడు. 38 వేలు చెప్తే బేరమాడి 32కి దించి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. డబ్బు నేరుగా యూపీఐలో కొట్టేశాను. అది నా రెండో తప్పు. మొదటిది ఆ "స్వయంగా" అన్న మాట నమ్మడం.

గౌల్డ్ లండన్ జువలాజికల్ సొసైటీలో చచ్చిన పక్షుల చర్మాలు కూరి, బతికున్నట్టు నిలబెట్టే పని చేసేవాడు. హిమాలయాల నుంచి వచ్చిన చర్మాలతో 1830లో 80 ప్లేట్ల (పేజీ నిండా ఉండే బొమ్మల) పుస్తకం మొదలుపెట్టాడు. ఆయన కచ్చా స్కెచ్‌లు గీసిస్తే, వాటిని తీర్చిదిద్ది అచ్చురాయి మీద గీసింది ఆయన భార్య ఎలిజబెత్. ప్లేటు అడుగున చిన్న అక్షరాల్లో "ఇ. గౌల్డ్" అని ఉంటుంది, ఆ "ఇ" ఆవిడే. ఎనిమిదో కాన్పు తర్వాత 1841లో, 37 ఏళ్ళకే పోయింది. పేరంతా మొగుడికి వెళ్ళింది, అది వేరే బాధ.

రంగులు వేసినవాళ్ళు మళ్ళీ వేరు. గౌల్డ్ పుస్తకం నాటి రాతి అచ్చులో నల్లగీతల బొమ్మ మాత్రమే వచ్చేది. నమూనా ప్లేటు ఎదురుగా పెట్టుకుని, కూలికి పనిచేసేవాళ్ళు ఒక్కో కాగితానికీ నీటిరంగులు అద్దేవాళ్ళు. గౌల్డ్ దగ్గర ఆ పని చూసుకున్న బేఫీల్డ్ పేరు మిగిలింది, మిగతావాళ్ళలో చాలామంది పేర్లు కూడా దొరకవు. కాబట్టి "గౌల్డ్ చేత్తో రంగులు వేశాడు" అని ఎవడైనా అన్నాడంటే వాడికి తెలియదనుకోవాలి, లేదా మనకి తెలియదని వాడికి తెలుసు. ఇదంతా నేను కొన్నాక చదువుకున్నాను.

"కింద పేర్లు కనపడటం లేదేంటి?" అని ముందే అడిగాను. "ఫ్రేములో పట్టక కోసేశారు సార్" అన్నాడు. సరే అనుకున్నాను!

పార్సిల్ విప్పితే కాగితం ముందూ వెనకా ఒకేలా టీ రంగు. నిజంగా పాతబడిన కాగితం అంచుల దగ్గర ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. సైజు సరిగ్గా ఏ3. అసలు ప్లేటు కాగితం దాదాపు 55 సెంటీమీటర్ల ఎత్తు. అంచులు కోస్తే కాగితం తగ్గుతుంది కానీ, పక్షి కూడా చిక్కిపోతుందా? మా వీధి చివర వాచీలు బాగుచేసే భాయ్ దగ్గర కంటికి తగిలించుకునే భూతద్దం అడిగి చూశాను. మెడ మీది పచ్చదనమంతా నీలం, పసుపు, గులాబీ చుక్కలే. నల్లగీత కూడా చుక్కలే. ఇంక్‌జెట్ ప్రింటు. చేత్తో వేసిన రంగైతే గీత దాటి కాస్త పొర్లుతుంది, అంచున చిక్కగా ఆగుతుంది. భాయ్ కూడా ఒకసారి చూసి "ఇది ఫ్లెక్సీ వాళ్ళ పని సార్" అని తేల్చేశాడు.

అన్నిటికన్నా సిగ్గుపడ్డది ఎడమ అంచు చూశాక. పైనుంచి కిందకి బూడిదరంగు నీడ ఉంది. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగితే పడే నీడ! లైబ్రరీలు నెట్‌లో ఉచితంగా పెట్టిన స్కాన్ దింపుకుని, ఆ నీడతో సహా అచ్చు కొట్టాడు.

ఇంకో రకం మోసం కూడా ఉంది. కాగితం నిజంగా పాతదే, రంగు మాత్రం అచ్చులో వచ్చింది. హ్యూమ్, మార్షల్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు 1879 నుంచి తెచ్చిన వేటపక్షుల పుస్తకం ప్లేట్లు రంగుల రాతి అచ్చు, చేతి రంగులు కావు. అవి మంచివే, కానీ "హ్యాండ్ కలర్డ్" అని రేటు పెంచి అమ్మితే ఊరుకోకండి.

నేను గొడవపడుతుంటే అతనే నాకు ఎర వేశాడు: "పోనీ సార్, మీ ఆంధ్రా పక్షి ఉంది, జెర్డాన్ పుస్తకంలోని కలివికోడి, ఒరిజినల్, తక్కువకిస్తా." జెర్డాన్ నెల్లూరులో డాక్టరుగా చేసినవాడే, మన దేశపు చిత్రకారులతో బొమ్మలు వేయించి మద్రాసులో 50 ప్లేట్ల పుస్తకం తెచ్చినవాడే. కానీ ఆ పుస్తకం 1847కి పూర్తయింది. కలివికోడికి శాస్త్రీయ నామం పెట్టింది 1848లో. మరి ఆ పక్షి అందులో ఎలా ఉంటుంది? ఈ తేదీలు అడిగేసరికి నన్ను బ్లాక్ చేశాడు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, నంబరు ఇచ్చారు, డబ్బు రాలేదు. మొన్న అదే మోనాల్ ఇంకో పేరుతో మళ్ళీ కనపడింది. ఈసారి సంవత్సరం 1835 అట. ఫోటో పెద్దది చేసి ఎడమ అంచు చూడండి, నీడ అలాగే ఉంది.