దాలెత్ దిద్దాలంటే అచ్చక్షరమా, చేతిరాతా: ఏది మేలు?

"అక్కా, హీబ్రూ అక్షరాలు పుస్తకంలో ఉన్నట్టు దిద్దాలా, వీళ్లు చేత్తో రాసుకునే తీరులో దిద్దాలా?" ఇజ్రాయెల్‌కి ముసలివాళ్లని చూసుకునే పనికి వచ్చే మన తెలుగు ఆడపిల్లలు నన్ను ముందుగా అడిగేది ఇదే. బైబిల్‌ని మూలభాషలో చదవాలనుకునేవాళ్లూ అడుగుతుంటారు. అక్షరాలు 22 అనీ, కుడి నుంచి ఎడమకి రాస్తారనీ మీకు తెలిసిందే. అందుకని ఒక్క అక్షరం పట్టుకుని చెబుతాను. దాలెత్. మన తెలుగు బైబిల్లో 119వ కీర్తన 25వ వచనం పైన కనిపించే పేరే అది.

దాలెత్ మన 'ద'. అచ్చులో పైన ఒక అడ్డగీత, కుడివైపున కిందికి దిగే నిలువుగీత, అంతే. చిక్కల్లా రేష్‌తోనే. రేష్ మన 'ర'. అదీ అడ్డగీతా నిలువుగీతే. తేడా అంతా కుడి పైమూలలో ఉంది. దాలెత్‌లో అడ్డగీత నిలువుగీతను దాటి రవ్వంత బయటికి పొడుచుకొస్తుంది. రేష్‌లో ఆ మూల నున్నగా వంగిపోతుంది. మన 'వ'కి తలకట్టు అంటుకుని ఉంటుంది, 'ప'కి విడిగా ఉంటుంది. పలక మీద దిద్దిన చెయ్యి కాబట్టి మనకి ఆ సందు ఇట్టే తెలుస్తుంది. కొత్తవాళ్లకి అది కంటికే ఆనదు. దాలెత్ దగ్గర మనమే ఆ కొత్తవాళ్లం.

ఆ మూల మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి. ఎహాద్ అంటే ఒకటి, అహేర్ అంటే వేరొకటి. రోజువారీ రాతలో అ, ఎ లాంటి స్వరాలు చూపే చుక్కలు పెట్టరు కాబట్టి ఈ రెండు మాటలకీ తేడా చివరి అక్షరం ఒక్కటే. ఒకదానికి దాలెత్, రెండోదానికి రేష్. కదూర్ ఎహాద్ అంటే ఒక మాత్ర. కదూర్ అహేర్ అంటే వేరే మాత్ర. ఒకరి ప్రాణం చూసుకునే చోట ఇది చిన్న సంగతి కాదు. తోరా, అంటే మోషే అయిదు కాండాలు ఉన్న చుట్టలు రాసే లేఖరులు ద్వితీయోపదేశకాండము 6:4లో ఎహాద్ చివరి దాలెత్‌ని ఇప్పటికీ మిగతావాటికంటే పెద్దగా రాస్తారు. "యెహోవా ఒక్కడే" అన్నచోట పొరపాటున "వేరొకడు" అని చదవకూడదనే అలా రాస్తారని చెబుతారు. ఆదికాండము 10:4లో దోదానీము అని ఉన్న పేరు, 1 దినవృత్తాంతములు 1:7 హీబ్రూ పాఠంలో రోదానీము అయింది. రెండింటి మధ్యా ఉన్నది ఆ మూలే.

నేను మొదలుపెట్టింది చేతిరాతతో. నేను చూసుకునే సావ్తా (అంటే అమ్మమ్మ) కూతురు, ఏం వండాలో ఏం కొనాలో చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్లేది. ఆ చీటీలు చదవడానికే నేర్చుకున్నాను. చేతిరాత మన చేతికి హాయిగా ఉంటుంది, గుండ్రంగా సాగుతుంది. అందులో సామెహ్, అంటే మన 'స', అచ్చం మన సున్నాలా ఉంటుంది. దాలెత్ మూల దగ్గర చిన్న మెలిక తిరిగి దిగుతుంది, రేష్ ఒక్క వంపుతో అయిపోతుంది. నెల తిరిగేసరికి చీటీలు వచ్చేశాయి. కానీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు గది బోర్డు ముందు నిలబడిపోయాను. హెదెర్, అంటే గది. హేత్, దాలెత్, రేష్. చివరి రెండూ నాకు ఒకే అక్షరంలా కనబడ్డాయి. మందుల డబ్బాలూ, బస్సు బోర్డులూ, అపాయింట్‌మెంట్ కాగితాలూ అన్నీ అచ్చక్షరాలే.

అందుకే ముందు అచ్చక్షరమే దిద్దమంటాను. ఇంకో కారణమూ ఉంది. మీరు అచ్చక్షరాల్లో రాసి ఇచ్చిన చీటీని ఇక్కడ ఎవరైనా చదువుతారు. చేతిరాతైతే, కుదురు లేని రాత రాసినవాళ్లకే తెలుస్తుంది. గళ్ల నోటుబుక్కు తీసుకుని ఒక వరస దాలెత్, ఒక వరస రేష్ రాయండి. మూడో వరసలో రెండూ కలిపి రాయండి. మర్నాడు ఆ మూడో వరసని పైకి చదవండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ మూల సరిగ్గా పడలేదన్నమాట. రెండు మూడు వారాలు ఇలా చేశాక చేతిరాతకి రండి, అప్పుడు అది తొందరగా పట్టుబడుతుంది. పనికి వచ్చేవాళ్లు దాన్ని వదలడానికి లేదు. బైబిల్ కోసమే నేర్చుకునేవాళ్లకి మాత్రం దాని అవసరమే రాదు.

ఫోన్ యాప్‌లు అక్షరాన్ని గుర్తుపట్టడం వరకూ పనికొస్తాయి. యూదుల పాత వ్యాఖ్యానాలు అచ్చువేసే రాషీ లిపి అని ఇంకొకటుంది, అది ఆ వ్యాఖ్యానాలు చదివేవాళ్లకి, మనకి ఇప్పుడు అక్కర్లేదు.

దాలెత్ అనే పేరు తలుపు నుంచి వచ్చింది. తలుపుని ఇప్పటికీ దెలెత్ అనే అంటారు. మొదటి వారం ఆ మాట పెద్ద అచ్చక్షరాల్లో రాసి మీ గది తలుపుకి అంటించండి. కింద హెదెర్ కూడా రాయండి, దాలెత్, రేష్ పక్కపక్కనే కనబడతాయి.