పదిహేనేళ్లు ఒకే శాసనంతో చరిత్ర పాఠం: వాడి చూసిన అనుభవం

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పదిహేనేళ్లకు పైగా కాకతీయుల పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం తెరవకముందే గోడకు ఒక ఫ్లెక్సీ తగిలిస్తున్నాను. దాని మీద ఉన్నది నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం. పైన రాయి ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో శాసన పాఠం. ఇన్నేళ్లు వాడాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

అంతకుముందు "రుద్రమదేవి ఎప్పటిదాకా పాలించింది?" అని అడిగి "1289" అని చెప్పించేవాణ్ణి. పిల్లలు బట్టీ పట్టి అప్పజెప్పేవాళ్లు, పరీక్ష కాగానే మరిచిపోయేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. ఆ 1289 ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనెప్పుడూ చెప్పలేదు.

అది వచ్చింది ఈ రాతి మీది నుంచే. దీన్ని వేయించింది రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇచ్చాడు. శకవర్షం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి అని తేదీ వేయించాడు.

మొదటి పీరియడంతా ఈ తేదీతోనే గడుస్తుంది. శకవర్షాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చడానికి 1211కి 78 కలపమంటాను, 1289 వస్తుంది. మరి సంవత్సరం పేరు? ఆ మధ్య ఒక టెన్త్ బ్యాచ్‌లో ఒకమ్మాయి లేచి, "సార్, నేను పుట్టింది కూడా విరోధిలోనే, మా నాయనమ్మ చెప్పింది" అంది. 2009లోంచి 1289 తీసేయమన్నాను. 720. అరవైతో భాగిస్తే సరిగ్గా పన్నెండు. ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది. రుద్రమదేవి పోయిన ఏడు, తను పుట్టిన ఏడు, మధ్యలో పన్నెండు ఆవృత్తాలు. ఇంటర్వెల్ గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు, ఎవరి పుట్టిన సంవత్సరం వాళ్లు లెక్కేసుకుంటున్నారు.

రెండో పీరియడ్‌లో అసలు ప్రశ్న వస్తుంది. ఆమె ఎలా చనిపోయింది? రాయి చెప్పదు. అప్పుడు కాకతీయుల మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనం సంగతి చెబుతాను. మల్లికార్జునుణ్ణి ఓడించి అతని సప్తాంగాలనూ, అంటే రాజు, మంత్రి, కోట, సేన లాంటి రాజ్యపు ఏడు అంగాలనూ, హరించానని అందులో చెప్పుకున్నాడు. ఈ రెండు రాళ్లనూ కలిపి చదివి, రాణి కూడా ఆ యుద్ధంలోనే మరణించి ఉంటుందని చరిత్రకారులు అంటారు. బోర్డు మీద మూడు గళ్లు గీస్తాను: రాయి చెప్పింది, రాయి చెప్పనిది, మనం ఊహించింది. ఏ మాట ఏ గడిలో పడాలో పిల్లలు గట్టిగా వాదించుకుంటారు. నా దృష్టిలో చరిత్ర చెప్పడమంటే ఆ మూడో గడిని రెండో గడితో కలిసిపోకుండా చూడటమే.

దీంట్లో ఇబ్బందులూ ఉన్నాయి. ఒక పీరియడ్‌లో అయిపోయే పాఠానికి నాలుగు పడతాయి, ఆ భారం తర్వాతి పాఠాల మీద పడుతుంది. ఒక ఏడాది ఒక గైడు పట్టుకుని పరీక్ష పెట్టారు. అందులో 1296 అని ఉంది. చందుపట్ల శాసనం వెలుగులోకి రాకముందు పుస్తకాల్లో అలాగే రాసేవాళ్లు. 1289 రాసిన మా పిల్లలకు మార్కు పోయింది. రాయి ఫొటో చూపించి ఆ మార్కు ఇప్పించడానికి వారం పట్టింది. ఆ వారం నాకు చాలా బాధేసింది. ఇంకో పెద్ద లోటు, శాసనాల్లో దానం ఇచ్చినవాడే మాట్లాడతాడు, ఆ భూమి దున్నినవాడు మాట్లాడడు. ఆ మాట ప్రతిసారీ నేనే గుర్తుచేయాలి.

అయినా ఎందుకు మానలేదంటే, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి ఒక సోమవారం వచ్చి, "మా ఊరి గుడెనక కూడా రాయుంది సార్, సున్నం కొట్టేసిన్రు" అన్నాడు. ఆదివారం వెళ్లాం. నీళ్లు, మెత్తటి బ్రష్షు తప్ప ఇంకేదీ వాడనివ్వలేదు. మధ్యాహ్నానికి చివరి వరుసలు బయటపడ్డాయి. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడనే శ్లోకం, చాలా దానశాసనాల చివర ఉండేదే. అర్థం చెప్పగానే అక్కడ గుమిగూడిన పెద్దమనుషులు కూడా ముందుకు వంగి, "మళ్లొకసారి చదువు సారూ" అన్నారు. ఆ అబ్బాయి అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు.

చేయాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మెరిసే ఫ్లెక్సీ వద్దు, కిటికీ వెలుతురు పడితే వెనక బెంచీలకు ఏమీ కనబడదు. నా మొదటిది అలాగే పాడైంది. ఫొటోతో పాటు శాసన పాఠం తప్పకుండా ఉండాలి, ఆ కాలపు లిపి పిల్లలకు అక్కడక్కడే అందుతుంది. వచ్చే జూన్‌లో దీని పక్కనే త్రిపురాంతకం శాసన పాఠం కూడా తగిలిస్తున్నాను, ఇన్నేళ్లూ దాన్ని నా నోటి మాటగానే విన్నారు పిల్లలు.