డిప్లాయ్‌మెంట్ డాక్యుమెంటేషన్‌కి ఎంకేడాక్స్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పలాస వైపు జీడిపప్పు యూనిట్లకి బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ పెట్టి చూసుకునే చిన్న టీమ్ మాది. ఆఫీసు శ్రీకాకుళంలో. కొత్త వెర్షన్ వస్తే యూనిట్లలోని సర్వర్లకి ఆన్సిబుల్‌తో (చాలా సర్వర్లలో పనులు ఆటోమేటిక్‌గా చేసిపెట్టే టూల్) ఎక్కిస్తాం. దానికిచ్చే పనుల జాబితా ఫైలే ప్లేబుక్, అది చదివితే ఏం జరుగుతుందో తెలుస్తుంది. ఆ పని అలాగే ఎందుకు చేస్తున్నామో మాత్రం అందులో ఉండదు. అది రాసుకోవడానికే ఎంకేడాక్స్‌ని (మామూలు టెక్స్ట్ ఫైళ్లనుంచి డాక్యుమెంటేషన్ వెబ్‌సైట్ తయారుచేసే టూల్), మెటీరియల్ అనే థీమ్‌తో కలిపి, కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఇప్పుడు వేరేదానికి మారమన్నా మారను.

ఒక ఉదాహరణ చెప్తాను. మా ప్లేబుక్‌లో ‘సీరియల్ 1’ అని ఉంటుంది. అంటే ఒక సర్వర్ పూర్తయ్యాకే తర్వాతిది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడుగుతాడు, "అన్నయ్యా, అన్నిటికీ ఒకేసారి పంపేస్తే త్వరగా అయిపోతుంది కదా?" అని. ఒక యూనిట్‌లో ఫెయిలైతే ఆన్సిబుల్ అక్కడే ఆగిపోతుంది, మిగతా యూనిట్లలో బిల్లింగ్ నడుస్తూనే ఉంటుంది. ఈ మాట తెలుగులో ఒక పేజీలో ఉంది. చదివినవాడు ఆ లైను జోలికి వెళ్లడు.

పేజీలు మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లు, అంటే హెడింగులకీ లిస్టులకీ చిన్న గుర్తులు పెట్టి రాసే టెక్స్ట్ ఫైళ్లు. ప్లేబుక్‌లున్న గిట్ రెపోలోనే (ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే చోటు) ఉంటాయి. ప్లేబుక్ మార్చి పేజీ ముట్టుకోకపోతే రివ్యూలోనే వెనక్కి పంపిస్తాం. అంతకుముందు వర్డ్ ఫైలు షేర్డ్ డ్రైవ్‌లో ఉండేది, ప్లేబుక్ మారినా అది మారేది కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది స్నిపెట్స్ ఎక్స్‌టెన్షన్. కోడ్‌ని పేజీలోకి కాపీ చెయ్యక్కర్లేదు. అసలు ఫైలులో కావలసిన భాగానికి మొదలు, చివర గుర్తులు పెడితే, సైట్ బిల్డ్ అయినప్పుడల్లా (అంటే ఫైళ్లనుంచి సైట్ తయారైనప్పుడల్లా) ఆ భాగం వచ్చి పేజీలో కూర్చుంటుంది. పాత కోడ్ చూపించే పేజీ అనేదే ఉండదు. ఆ ఫైలు లేకపోతే బిల్డ్ ఆగిపోయేలా కూడా పెట్టుకోవచ్చు. పాస్‌వర్డులున్న వేరియబుల్ ఫైళ్లని మాత్రం ఇలా లాగకండి, ఆన్సిబుల్‌లోని వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసినవైనా సరే.

మా ప్రాంతంలో ఇంకో అవసరం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నెట్ లేకపోయినా డాక్యుమెంట్ చదవగలగాలి అన్నది అప్పటినుంచీ మా నియమం. ఎంకేడాక్స్ ఇచ్చేది ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్. ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంటే చాలు అనిపిస్తుంది కానీ, మామూలు సెట్టింగులతో లింకు నొక్కితే పేజీకి బదులు ఫోల్డర్ తెరుచుకుంటుంది, సెర్చ్ అసలు పనిచెయ్యదు. మెటీరియల్‌లో ఉన్న ఆఫ్‌లైన్ ప్లగిన్ ఈ రెండిటినీ సరిచేస్తుంది. ఫీల్డ్‌కి వెళ్లే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ తాజా కాపీ ఉంచుతాం.

తెలుగులో రాసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది, ముందే తెలుసుకోవాలి. హెడింగ్ తెలుగులో ఉంటే దాని లింకు పేరులో అక్షరాలన్నీ ఎగిరిపోయి ఒక అంకె మిగులుతుంది. మధ్యలో కొత్త హెడింగ్ చేరిస్తే ఆ అంకెలు జరిగిపోతాయి, పాత లింకులు వేరే చోటికి తీసుకెళ్తాయి. యాట్రిబ్యూట్ లిస్ట్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి ప్రతి హెడింగ్‌కీ ఇంగ్లీషు అక్షరాలతో మనమే ఒక ఐడీ ఇవ్వాలి. విసుగే, కానీ తప్పదు. ఎంకేడాక్స్ 1.6 వెర్షన్ నుంచి అలాంటి లోపలి లింకులు తెగితే హెచ్చరించే సెట్టింగ్ కూడా వచ్చింది. అది పెట్టుకుని, హెచ్చరిక వస్తే బిల్డ్ ఆపేసే స్ట్రిక్ట్ మోడ్‌లో బిల్డ్ చేస్తే తెగిన లింకుతో సైట్ బయటికి పోదు.

చిన్నవి ఇంకో రెండు. లిస్టు లోపల లిస్టు రాయాలంటే నాలుగు స్పేసులు కావాలి, రెండు పెడితే అన్నీ ఒకే వరసలోకి వచ్చేస్తాయి. పీడీఎఫ్ కావాలంటే వేరే ప్లగిన్ వెతుక్కోవాలి. మేం బ్రౌజర్ నుంచి ప్రింట్ తీసి సరిపెట్టుకుంటున్నాం.

రోల్ (ఆన్సిబుల్‌లో మళ్లీ మళ్లీ వాడుకునే పనుల కట్ట) వేరియబుల్స్ వివరాలు మాత్రం ఇందులో రాయం. ఆన్సిబుల్ కోర్ 2.11 నుంచి ప్రతి రోల్‌లోనూ ఆర్గ్యుమెంట్ స్పెక్స్ ఫైలు పెట్టుకోవచ్చు. అందులో రాసిన వివరణ ఆన్సిబుల్ డాక్ కమాండ్‌తో కనిపిస్తుంది, తప్పుడు విలువ ఇస్తే రోల్ మొదట్లోనే ఆగుతుంది. పేజీ నుంచి ఆ ఫైలుని స్నిపెట్‌గా లాగితే సరిపోతుంది.