బాక్సింగ్ ర్యాంకుల్లో ఏది నమ్మాలి? బెల్ట్ సంస్థల పట్టికలా, స్వతంత్ర పట్టికలా

ఒకే బరువు విభాగానికి ఒకే నెలలో వచ్చిన ఐదారు ర్యాంకింగ్ పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో పైవరసలో ఉన్న బాక్సర్ ఇంకోదాంట్లో అట్టడుగున ఉంటాడు, మరోదాంట్లో అసలు పేరే కనబడదు. ఉత్త అభిప్రాయభేదమే అయితే రెండు మూడు స్థానాల తేడా వస్తుంది, ఇంత రాదు. ఈ పట్టికలు తయారయ్యేది ఒకే పనికి కాదు కనుక ఇంత తేడా.

ప్రపంచ ఛాంపియన్లకు బెల్టులిచ్చే సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. ఇవి ఇచ్చే ర్యాంకు లోపలికి వెళ్లే పాసు లాంటిది. మొదటి 15 మందిలో పేరుంటేనే ఆ సంస్థ బెల్ట్ కోసం ఛాంపియన్‌ను ఢీకొనే అర్హత వస్తుంది. రింగ్ పత్రిక, ట్రాన్స్‌నేషనల్ బాక్సింగ్ ర్యాంకింగ్స్ బోర్డు, బాక్స్‌రెక్ ఇచ్చేది మాత్రం ఎవరు ఎవరికన్నా గట్టివాడన్న అంచనా. దాన్ని పట్టుకెళితే ఏ తలుపూ తెరుచుకోదు. అందుకే ఏది మేలు అనే ముందు దేనికి మేలు అన్నది తేల్చుకోవాలి.

డబ్బు సంగతి ముందు చూద్దాం. టైటిల్ పోరు జరిగితే బాక్సర్ పర్సులోంచి, అంటే ఆ పోరుకు అతనికొచ్చే సొమ్ములోంచి, సాధారణంగా 3 శాతం శాంక్షన్ ఫీజు (అనుమతి రుసుము) కింద సంస్థకు పోతుంది. 10 లక్షల డాలర్ల పర్సుకు 30 వేల డాలర్లన్న మాట. నాలుగు బెల్టులూ పందెంలో ఉంటే నలుగురికీ కట్టాలి. సంస్థ రాబడి పెరగాలంటే బెల్టుల సంఖ్య పెరగాలి, లేదా బాగా సంపాదించే బాక్సర్ బెల్ట్ కోసం దిగాలి. ర్యాంకుల్లో కనబడే వంకరలు చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదాని దగ్గరికే చేరతాయి.

డబ్ల్యూబీఏ: బెల్టులే జబ్బు

నాలుగింటిలో పాతది ఇదే. 1921లో అమెరికాలో నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్‌గా మొదలై 1962లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఒకే బరువులో సూపర్ ఛాంపియన్, రెగ్యులర్ ఛాంపియన్, ఇంటరిమ్ (తాత్కాలిక) ఛాంపియన్ అంటూ ముగ్గురిని నిలబెట్టిన ఘనత దీనిదే. ముగ్గురు ఛాంపియన్లుంటే పట్టికలో ఒకటో నంబర్ నిజానికి నాలుగోవాడు.

2021 ఆగస్టు 7న మినియాపొలిస్‌లో జరిగిన పోరు చూడండి. వెల్టర్‌వెయిట్ ఇంటరిమ్ బెల్ట్ కోసం గాబ్రియెల్ మాయెస్ట్రే దిగాడు. అప్పటికి ప్రొఫెషనల్‌గా ఆయన ఆడింది మూడు పోరులే. చివరి నిమిషంలో వచ్చిన మైకల్ ఫాక్స్ రెండో రౌండ్‌లో ఆయన్ని నేల మీద పడేశాడు. ముగ్గురు జడ్జీలూ మాయెస్ట్రేకే ఇచ్చారు: 114-113, 115-112, 117-110. ఆ చివరి స్కోరుకార్డును విప్పి చూడాలి. పడేసిన రౌండ్ 10-8గా ఫాక్స్‌కు పోతుంది. మిగతావన్నీ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 అనుకుంటే, 117-110 రావాలంటే ఆ రౌండ్ కాక ఫాక్స్‌కు ఇంకొక్క రౌండ్ మాత్రమే ఇచ్చి ఉండాలి. అంటే 12 రౌండ్లలో రెండు. దుమారం రేగడంతో ఆ నెలలోనే ఇంటరిమ్ బెల్టులు తీసేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. కానీ 2025 జూన్‌లో ఫాబియో వార్డ్‌లీ, జస్టిస్ హూనీ ఆడింది మళ్లీ డబ్ల్యూబీఏ ఇంటరిమ్ హెవీవెయిట్ బెల్ట్ కోసమే. ఇంటరిమ్ బెల్ట్ కూడా ఫీజు తెచ్చే బెల్టే కాబట్టి ఆ మాట నిలబడలేదు.

డబ్ల్యూబీసీ: నిబంధన కన్నా విచక్షణ ఎక్కువ

1963లో మెక్సికో నగరంలో పుట్టిన ఈ సంస్థ బెల్టుకు బయట గౌరవం ఎక్కువ. తలనొప్పి వచ్చేది పైవాళ్ల విచక్షణతోనే. మానీ పాకియావో 2021 ఆగస్టులో ఉగాస్ చేతిలో ఓడి రిటైరయ్యాడు. దాదాపు నాలుగేళ్ల పాటు ఒక్క ప్రొఫెషనల్ టైటిల్ పోరు కూడా ఆడని మనిషికి 2025లో డబ్ల్యూబీసీ వెల్టర్‌వెయిట్ ఐదో ర్యాంకు ఇచ్చి, జులై 19న ఛాంపియన్ మారియో బారియోస్‌తో పోరుకు అర్హత కల్పించింది. 46 ఏళ్ల వయసులో ఆయన డ్రా దాకా లాక్కొచ్చాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కానీ ర్యాంకు వచ్చింది ఆ పోరుకు ముందు. ఆ నాలుగేళ్లూ వెల్టర్‌వెయిట్‌లో గెలుస్తూ వరసలో నిలబడ్డవాళ్లకు ఏ సమాధానం చెబుతారు?

రెండో వైపు డిలియన్ వైట్ ఉన్నాడు. డబ్ల్యూబీసీ ఒకటో నంబర్‌గా 1,000 రోజులకు పైగా ఎదురుచూసి, చివరికి 2022 ఏప్రిల్ 23న టైసన్ ఫ్యూరీతో ఆడాడు. అదే సంస్థలో జెర్మాల్ చార్లో 2021 జూన్ తర్వాత మిడిల్‌వెయిట్ బెల్ట్‌ను ఒక్కసారి కూడా కాపాడుకోకుండా 2024 దాకా దగ్గరే ఉంచుకున్నాడు. గడువులు కాగితం మీద ఉన్నాయి. ఎవరి విషయంలో ఎప్పుడు సడలించాలన్నది గదిలో తేలుతుంది.

ఆ గది నిర్ణయం ఎంత దూరం పోగలదో గ్రాసియానో రోకిజియానీ కేసు చెబుతుంది. 1998 మార్చిలో ఖాళీగా ఉన్న లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆయన మైకల్ నన్‌ను ఓడించాడు. తర్వాత సంస్థ రాయ్ జోన్స్ జూనియర్‌ను తిరిగి ఛాంపియన్‌గా చూపించి, రోకిజియానీని ఛాంపియన్ అనడం అచ్చుతప్పు అంది. ఆయన కోర్టుకెక్కాడు. 2002లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో సుమారు 3 కోట్ల డాలర్ల పరిహారం తీర్పు వచ్చింది. సంస్థ దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. 2004లో రాజీ కుదిరింది. జరిగిన పోరును మాటతో చెరిపేయాలని చూస్తే ఏమవుతుందో బెల్ట్ సంస్థలకు తెలిసింది అప్పుడే.

డబ్ల్యూబీఓ

1988లో ప్యూర్టోరికోలో మొదలైంది. ఇక్కడ కళ్లు పెట్టాల్సింది ప్రాంతీయ బెల్టుల మీద. ఇంటర్‌కాంటినెంటల్, ఇంటర్నేషనల్, ఓరియెంటల్ వంటి బెల్ట్ ఒకటి గెలిస్తే మొదటి 15లోకి దారి పడుతుంది. పోరులు ఏర్పాటు చేసే ప్రమోటర్ సంస్థకు ఫీజు కట్టి, తన బాక్సర్‌కు ఓ మోస్తరు ప్రత్యర్థిని వెతికి, సొంత కార్డులో, అంటే ఆ రోజు తను నడిపే పోరుల వరసలో, పోరు పెట్టించగలడు. నిబంధన ఏదీ మీరినట్టు కాదు. ర్యాంకు మాత్రం కొన్నట్టే. మిగతా మూడు సంస్థల్లోనూ ఈ దారి ఉంది.

పట్టిక తయారుచేసేవాళ్లు పోరులు చూస్తున్నారా లేదా అన్న అనుమానానికి బలం ఇచ్చింది కూడా ఈ సంస్థే. సూపర్ మిడిల్‌వెయిట్ బాక్సర్ డారిన్ మోరిస్ 2000 అక్టోబర్‌లో చనిపోయాడు. 2001లో ఆయన ర్యాంకు రెండుసార్లు పైకి వెళ్లింది. పైనున్నవాళ్లు ఓడినప్పుడు కిందివాళ్లను యాంత్రికంగా జరిపితే జరిగేది ఇదే.

ఐబీఎఫ్: పడి లేచిన సంస్థ

నాలుగింటిలో ఎక్కువగా దిగజారినదీ, తర్వాత నిబంధనను గట్టిగా పట్టుకున్నదీ ఇదే. 1983లో స్థాపించిన బాబ్ లీ మీద ర్యాంకుల కోసం లంచాలు తీసుకున్నారని 1999లో అమెరికాలో నేరారోపణ నమోదైంది. ర్యాంకింగ్ కమిటీ అధిపతే ప్రభుత్వానికి సహకరించడంతో రహస్య వీడియోలు సాక్ష్యంగా వచ్చాయి. 2000 ఆగస్టులో చాలా అభియోగాల నుంచి బయటపడ్డా మనీ లాండరింగ్, పన్ను ఎగవేత వంటి వాటిలో లీ దోషిగా తేలి 22 నెలల జైలుశిక్ష పడింది. సంస్థ కోర్టు నియమించిన పర్యవేక్షకుడి కిందకు పోయింది.

ఇప్పుడు దాని పట్టిక తెరిస్తే ఒకటి, రెండు స్థానాలు తరచూ ఖాళీగా కనబడతాయి. అది పొరపాటు కాదు. ఎలిమినేటర్ పోరు, అంటే ఛాలెంజర్‌ను తేల్చే అర్హత పోరు, గెలవకుండా ఎవరూ మూడో స్థానం దాటి పైకి పోలేరు. ఛాంపియన్ 9 నెలల్లోపు తప్పనిసరి ఛాలెంజర్‌తో ఆడాలి. ఇరుపక్షాలూ మాటల్లో తెమల్చుకోకపోతే పర్సు బిడ్: ప్రమోటర్లు మూసిన కవర్లలో అంకెలు వేస్తారు, ఎక్కువ వేసినవాడు పోరు నడుపుతాడు, సొమ్ము ఛాంపియన్‌కు 65, ఛాలెంజర్‌కు 35 శాతంగా పంచుతారు.

జార్జ్ కంబోసోస్ దీనికి మంచి ఉదాహరణ. 2020 అక్టోబర్‌లో లీ సెల్బీతో ఎలిమినేటర్ గెలిచి ఛాంపియన్ తియోఫిమో లోపెజ్‌కు తప్పనిసరి ఛాలెంజర్ అయ్యాడు. 2021 ఫిబ్రవరి బిడ్‌లో ట్రిల్లర్ అనే ప్రమోటర్ సంస్థ 60 లక్షల 18 వేల డాలర్లు వేసింది. అందులో 35 శాతం అంటే 21 లక్షలకు పైగా. ఆ తర్వాత ట్రిల్లర్ మాట నిలబెట్టుకోలేదు, పోరు వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి 35 లక్షల 6 వేలు వేసి రెండో స్థానంలో ఉన్న మరో ప్రమోటర్ సంస్థ మ్యాచ్‌రూమ్ చేతికి వెళ్లి, నవంబర్ 27న జరిగింది. కంబోసోస్ గెలిచాడు. పెద్ద పేరు లేని బాక్సర్‌కు నిబంధన ఒక్కటే అండగా నిలిచిన సందర్భం అది.

దీనికీ మరో ముఖం ఉంది. 2015 నవంబర్ 28న క్లిచ్‌కోను ఓడించిన ఫ్యూరీ తప్పనిసరి ఛాలెంజర్‌ను కాదని క్లిచ్‌కోతోనే రీమ్యాచ్‌కు ఒప్పుకున్నందుకు పది రోజుల్లో ఐబీఎఫ్ బెల్ట్ పోగొట్టుకున్నాడు. 2024 జులైలో కనేలో ఆల్వారెజ్ తప్పనిసరి ఛాలెంజర్ విలియం స్కల్‌తో ఆడనందుకు బెల్ట్ ఊడింది. 2025 మే 3న రియాద్‌లో ఆ ఇద్దరూ తలపడినప్పుడు 12 రౌండ్లలో ఇద్దరూ కలిపి విసిరిన పంచ్‌లు 445. పంచ్‌లు లెక్కించే కంప్యూబాక్స్ సంస్థ లెక్కల్లో 12 రౌండ్ల పోరుకు అదే అత్యల్పం. నిబంధన ప్రకారం స్కల్ స్థానం సక్రమమే, చూసేవాడికి మాత్రం నిరాశ. అయినా నా ఓటు ఈ కఠినత్వానికే. బాక్సర్‌ను బట్టి మారే నిబంధన కన్నా అప్పుడప్పుడూ చప్పటి పోరు తెచ్చిపెట్టే నిబంధనే నయం.

స్వతంత్ర పట్టికలు

స్వతంత్రం అన్నంత మాత్రాన మచ్చ లేదనుకోకూడదు. 1922 నుంచి వస్తున్న రింగ్ పత్రిక రికార్డుల్లో, 1977లో ఏబీసీ టీవీలో సాగిన అమెరికా టోర్నమెంటు కోసం, కొందరు బాక్సర్లు ఆడని పోరులు గెలిచినట్టు చేరాయి. టోర్నమెంటే ఆగిపోయింది. 2007లో ఆ పత్రిక ప్రమోటర్ సంస్థ గోల్డెన్ బాయ్ చేతికి పోయింది. 2012లో ఛాంపియన్‌షిప్ నిబంధన సడలించారు: మొదటి ఇద్దరూ ఆడకపోతే వాళ్లలో ఒకరు మూడు, నాలుగు, ఐదో ర్యాంకర్లతో ఆడినా ఖాళీ టైటిల్ భర్తీ అవ్వొచ్చు. 2024 నవంబర్‌లో సౌదీ అరేబియా అధికారి తుర్కీ అల్ అల్‌షేఖ్ దాన్ని కొన్నట్టు ప్రకటించారు. పెద్ద పోరులు జరిపించే మనిషి చేతిలోనే ర్యాంకుల పట్టిక ఉండటం, ప్యానెల్‌లో ఎంత నిజాయితీపరులున్నా, సరైన అమరిక కాదు.

2012 మార్పు నచ్చక రింగ్ ప్యానెల్ నుంచి బయటికొచ్చినవాళ్లు కలిసి పెట్టినదే ట్రాన్స్‌నేషనల్ బోర్డు. వివిధ దేశాల పాత్రికేయులు, రికార్డు పరిశోధకులు జీతం లేకుండా ఓటేస్తారు. ఫీజు లేదు, అమ్మడానికి బెల్టూ లేదు. బరువుకు ఒక్కడే ఛాంపియన్. ఎక్కువకాలం ఆడనివాళ్లను తీసేస్తారు. దీని బలహీనత ఒకటే, ఏ ఛాంపియన్‌నూ ఆడమని ఆజ్ఞాపించలేదు.

బాక్స్‌రెక్‌ది లెక్కల సూత్రం. పక్షపాతం ఉండదు, కానీ పోరును చూడదు, ఫలితాన్నే చూస్తుంది. మాయెస్ట్రే లాంటి గెలుపూ దానికి గెలుపే.

ఇక ఎంపిక

ఎవరు మేటి అన్నదానికి ట్రాన్స్‌నేషనల్ పట్టిక, పక్కన బాక్స్‌రెక్ రికార్డు పేజీ. టైటిల్ దాకా వెళ్లే దారి వెతుక్కుంటున్న బాక్సర్‌కైతే ఐబీఎఫ్, ముఖ్యంగా పెద్ద ప్రమోటర్ అండ లేకపోతే. పేరు, గుర్తింపు కావాలంటే డబ్ల్యూబీసీ, ఎంతకాలం ఎదురుచూడాలో మాత్రం అడగొద్దు. డబ్ల్యూబీఏ రెగ్యులర్, ఇంటరిమ్ బెల్టులను ప్రపంచ టైటిళ్లుగా లెక్కించక్కర్లేదు.

ఏదైనా ర్యాంకు అనుమానంగా ఉంటే గత నెల పట్టిక తీసి ఈ నెలదానితో పోల్చండి. పైకి జరిగినవాడు ఆ మధ్యలో ఆడాడా? ఆడితే ప్రత్యర్థి ఎవరు, ఆ ప్రత్యర్థి అంతకుముందు మూడు పోరుల్లో ఏం చేశాడు? ప్రాంతీయ బెల్ట్ పందెంలో ఉందా, ఆ కార్డు ప్రమోటర్ ఎవరు? ఆడకుండానే రెండు మూడు స్థానాలు ఎక్కి, వచ్చే నెలలో అతనికే టైటిల్ పోరు ఖాయమైతే జవాబు దొరికినట్టే.

బాక్సర్ చేతిలో ఇంకో సాధనం ఉంది. 2000లో అమెరికా తెచ్చిన ముహమ్మద్ అలీ బాక్సింగ్ సంస్కరణ చట్టం ప్రకారం, అక్కడ పోరులకు అనుమతినిచ్చే సంస్థ తన ర్యాంకింగ్ ప్రమాణాలు రాతపూర్వకంగా పెట్టాలి. మొదటి పదిమందిలో మార్పు చేస్తే 7 రోజుల్లో కారణం వెబ్‌సైట్‌లో ఉంచాలి. బాక్సర్ అడిగితే తన స్థానానికి ఆధారమేమిటో 7 రోజుల్లో రాసివ్వాలి. అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే రేపు మళ్లీ అదే సంస్థ దయ కావాలి. 2025లో అమెరికా కాంగ్రెస్‌లో ప్రవేశపెట్టిన కొత్త బిల్లు పోరులు జరిపించడం, ర్యాంకులివ్వడం రెండూ ఒకే సంస్థ చేసుకునే వీలు కల్పిస్తుంది. ఆ ఏర్పాటులో ర్యాంకు రాసేవాడే బాక్సర్‌కు డబ్బిచ్చేవాడు కూడా అవుతాడు. అర్జీ పెట్టేవాళ్లు ఇవాళ పెట్టాలి, అదీ రాతపూర్వకంగా, తేదీ వేసి, పాత పట్టికల కాపీలు జతచేసి.