‘నుంచి’ అనాలంటే సిన్సా, ఫరా?

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.’ ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. మొదటిది సిన్స్. తెలుగులో ‘2019 నుంచి’ అన్నా, ‘ఐదేళ్ల నుంచి’ అన్నా ఒకే ‘నుంచి’తో పని గడిచిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్.

ఏది వాడాలో తేలకపోతే ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా’, ‘చాలాకాలంగా’ చక్కగా అతుకుతాయి, కాబట్టి ఫర్. ‘2019గా’, ‘సోమవారంగా’ అని ఎవరూ అనరు, అక్కడ సిన్స్. ‘గత మూడేళ్ల నుంచి’ కూడా ‘గత మూడేళ్లుగా’ అవుతుంది కనుక ‘ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్’. లాస్ట్ కనబడగానే సిన్స్ రాసేవాళ్లు చాలామంది. నిజానికి ‘సిన్స్ లాస్ట్ ఇయర్’ తప్పు కాదు, కానీ దానర్థం ‘నిరుటి నుంచి’. ‘ఫర్ ద లాస్ట్ ఇయర్’ అంటే ‘గత పన్నెండు నెలలుగా’.

రెండో తప్పు క్రియది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘యామ్ వర్కింగ్’ చాలదు, ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ‘నో’ (తెలిసి ఉండటం) లాంటి క్రియలకు మాత్రం ఐఎన్‌జీ రూపం పనికిరాదు: ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’.

కాలాల విషయంలో ఫర్‌కు స్వేచ్ఛ ఎక్కువ. ‘ఐ లివ్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే అక్కడ ఉండటం అయిపోయింది. ‘హావ్ లివ్డ్ హియర్’ అంటే ఇంకా ఉన్నట్టే. ‘ఐ విల్ బి అవే ఫర్ టూ వీక్స్’ అని రాబోయే కాలానికీ వాడొచ్చు. ఇక్కడో చిక్కుంది. ‘హి హాజ్ కమ్ ఫర్ టూ డేస్’ అంటే వచ్చి రెండు రోజులైందని కాదు, రెండు రోజులు ఉండటానికి వచ్చాడని. వచ్చి రెండు రోజులైందనాలంటే ‘హి హాజ్ బీన్ హియర్ ఫర్ టూ డేస్’. ‘కమ్’ క్షణంలో ముగిసే పని, ‘బి’ కొనసాగే స్థితి.

వ్యవధి కనబడినా సిన్స్ వచ్చే వాక్యం ఒకటుంది: ‘ఇట్ ఈజ్ త్రీ ఇయర్స్ సిన్స్ హి లెఫ్ట్’. చూడండి, సిన్స్ తర్వాత ఉన్నది మూడేళ్లు కాదు, అతను వెళ్లిన ఘటన.

కారణం చెప్పడానికీ రెండూ వస్తాయి కానీ పోటీ ఏమీ లేదు. ఆ అర్థంలో ఫర్ పాత పుస్తకాల వాసన కొడుతుంది, పైగా ఫలితం చెప్పాకే రావాలి. సిన్స్ వాక్యం మొదట్లోనూ రావచ్చు. అయితే ‘సిన్స్ హి లెఫ్ట్, ద వర్క్ హాజ్ స్లోడ్ డౌన్’ అంటే అతను వెళ్లినప్పటి నుంచా, వెళ్లినందువల్లా? రెండర్థాలూ వచ్చే ఇలాంటి చోట కారణమే చెప్పదలిస్తే ‘బికాజ్’ రాయండి.