ప్రవాసీ భారతీయ బీమా యోజన: 275 రూపాయల పాలసీ ఎవరికి పనికొచ్చింది, ఎవరికి రాలేదు

గల్ఫ్‌కు కూలీ పనికి పోయేవాళ్ళకు మన ప్రభుత్వం తప్పనిసరి చేసిన బీమా ఇది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. రెండేళ్ళ పాలసీని లెక్కేస్తే రోజుకు 40 పైసలు కూడా పడదు. ఇంత తక్కువకు ఇంత రక్షణ ఇచ్చే పాలసీ నేను ఇంకోటి చూడలేదు. అయినా 5కి 3 కంటే ఎక్కువ ఇవ్వలేను. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఒక్క బీమా సంగతి కాదు. పొట్ట చేతపట్టుకొని దేశం దాటే మనిషికి ఏ హక్కులు ఉండాలి, అవి ఎవరికి దక్కాలి అన్న గొడవంతా ఈ పాలసీ కాగితంలోనే కనిపిస్తుంది.

నేను కోరుట్లలో నెట్ సెంటర్ నడుపుతాను. పాస్‌పోర్ట్ దరఖాస్తులు, టికెట్లు, ఈ-మైగ్రేట్ (విదేశాలకు పనికి పోయేవాళ్ళ కోసం కేంద్రం నడిపే వెబ్‌సైట్) ఫారాలు, ఈ పాలసీ రెన్యువల్స్, అన్నీ నా కంప్యూటర్ మీద నుంచే పోతాయి. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, మా మరిది సౌదీ నుంచి వచ్చేశాడు. మా జగిత్యాల జిల్లాలో గల్ఫ్ వాసన తగలని ఇల్లు వెతికి పట్టుకోవాలి. పాలసీ కొనేటప్పుడు నా ముందు కూర్చునేది మొగవాళ్ళు. క్లెయిమ్ పెట్టడానికి వచ్చి కూర్చునేది వాళ్ళ భార్యలు. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఇందులో ఏముందో చెప్తాను. చేతిలో పాలసీ ఉన్నవాళ్ళకే చాలామందికి తెలియదు. ప్రమాదంలో చనిపోయినా, ఇక పని చేయలేనంత వైకల్యం వచ్చినా 10 లక్షలు. జబ్బుకో గాయానికో ఆసుపత్రిలో చేరితే లక్ష వరకు ఇస్తారు, ఒక్కసారి చేరినందుకు 50 వేలు మించదు. పనికి సంబంధించిన కేసు నడపాల్సి వస్తే లాయరు ఖర్చులకు 45 వేలు. మనిషి పోయినా, శాశ్వతంగా మంచాన పడినా, ఇక్కడున్న కుటుంబం ఆసుపత్రి ఖర్చుకు 50 వేల వరకు. 2003లో మొదలైన పథకం ఇది, తర్వాత కొన్నిసార్లు మార్చారు. 2017లో చేసిన మార్పు మాత్రం ప్రతి కార్మికుడూ గుర్తుంచుకోవాలి. కంపెనీ మారినా, పనిచేసే ఊరు మారినా పాలసీ చెల్లుతుంది. అక్కడి మన ఎంబసీ మరణాన్నో వైకల్యాన్నో ధ్రువీకరిస్తే బీమా కంపెనీ దాన్ని ఒప్పుకోవాలి. ఇది చిన్న సంగతి కాదు. కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పడక బయటికి వచ్చి ఇంకో చోట పనిచేస్తున్న మనిషి, "ఇప్పుడు నాకు ఏ బీమా ఉంటది అక్కా" అని ఫోన్ చేసినప్పుడు, గడువు ఉన్నంతవరకు ఉంటదని ధైర్యంగా చెప్పగలిగాను.

డబ్బులు వస్తాయా అంటే, వస్తాయి. మా వెనక వాడకట్టులో మేస్త్రీ పని చేసే ఒకాయన షార్జాలో బిల్డింగ్ మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన భార్య బీడీలు చేస్తుంది. 10 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. అప్పు తీరింది, ఆడపిల్ల చదువు ఆగలేదు. కానీ ఆ డబ్బు కోసం ఆమె పడ్డ తిప్పలు నా కళ్ళతో చూశాను. నామినీ కాలమ్‌లో ఆమె పిలుపు పేరు ఉంది, ఆధార్‌లో అసలు పేరు ఉంది. ఇద్దరూ ఒక్కరేనని తహసీల్దారు కాగితం తెచ్చినా, బీమా ఆఫీసు నుంచి అదే కాగితం కోసం మళ్ళీ మళ్ళీ ఉత్తరం వచ్చింది. అరబ్బీలో ఉన్న పోలీసు రిపోర్టును తర్జుమా చేయించాలి, దానికి మళ్ళీ ముద్ర కావాలి. చదువు రాని మనిషి కోసం పెట్టిన పథకంలో క్లెయిమ్ ఫారం ఇంగ్లీషులో ఉంటే ఆమె దాన్ని ఎలా నింపుతుంది? తెలుగులో ఒక ఫారం, హైదరాబాద్‌లో తెలుగు మాట్లాడే ఒక మనిషి ఉండే డెస్క్. ఈ రెండూ ఉంటే ఆమెకు సగం టెన్షన్ తగ్గేది.

అసలు లోపం ఇంతకంటే లోతుగా ఉంది. 10 లక్షలు ప్రమాద మరణానికే. రియాద్ క్యాంపులో రాత్రి పడుకొని పొద్దున లేవని మనిషికి ఆ 10 లక్షలు రావు. మా దగ్గరి పల్లెలో అలాంటి ఇల్లు ఉంది. నలభై కూడా నిండని మనిషి. సర్టిఫికెట్‌లో 'గుండె ఆగిపోయింది, సహజ మరణం' అని రాశారు. గుండె ఆగకుండా ఎవరైనా చనిపోతారా? ఎందుకు ఆగింది అన్నది ఎవరూ చూడలేదు, పోస్ట్‌మార్టం చేయలేదు. గల్ఫ్ నుంచి వచ్చే మరణ పత్రాల్లో ఇదే మాట పదే పదే కనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వాలకు కూడా ఎండ మనిషిని చంపుతుందని తెలుసు. అందుకే యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. ఖతార్ 2021లో ఆ నిషేధాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా పెంచింది. ఎండలో పని ప్రమాదమని చట్టం ఒప్పుకుంటున్నప్పుడు, ఆ ఎండలో ఏళ్ళకేళ్ళు పనిచేసి గుండె ఆగిన మనిషి చావు 'సహజం' ఎట్లా అవుతుంది? ప్రీమియం ఇంకో 200 పెంచినా సరే, సహజ మరణాన్ని కూడా ఇందులో చేర్చాలి. ఏజెంటుకు లక్ష కట్టేవాడు 200 కట్టలేడా?

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. గల్ఫ్ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడితే వచ్చింది అది. మంచిదే. కానీ ఎక్స్‌గ్రేషియా అంటే ప్రభుత్వం దయతో ఇచ్చేది. బీమా అంటే మనం కట్టి సంపాదించుకున్న హక్కు. నాకు రెండోది కావాలి.

ఇక ఈ పాలసీ ఎవరికి దక్కుతుందో చూడండి. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పోయే ముందు తనిఖీ కావాలి) ముద్ర ఉంటుంది. అలాంటివాళ్ళు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస పోయేవాళ్ళ సంగతి చూసే కేంద్ర అధికారి) దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ క్లియరెన్స్‌తోపాటే ఈ బీమా. పది పాసైతే ఈసీఎన్‌ఆర్, అంటే ఆ చెక్ అవసరం లేనివాళ్ళు. క్లియరెన్స్ అక్కర్లేదు, బీమా తప్పనిసరి కాదు. 1983లో పది పాసైనవాడు తన సంగతి తాను చూసుకోగలడని అనుకున్నారేమో. ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలందరూ పది పాసవుతున్నారు, ఇంటర్ ఫెయిలైనవాడు అదే దుబాయ్‌కి అదే క్లీనింగ్ కంపెనీలో పనికి పోతున్నాడు. తండ్రికి ఉన్న బీమా కొడుక్కి లేదు, చదువుకున్నందుకు.

ఈసీఆర్ ముద్రే తీసేయాలి అనే వాదన ఒకటి ఉంది. చదువు రాని మనిషిని ఎయిర్‌పోర్ట్‌లో ఆపడం అవమానం, ఆపిన కొద్దీ దొంగదారులు పెరుగుతాయి అంటారు. అందులో నిజం ఉంది, ముప్పై దాటని ఆడవాళ్ళను ఇంటి పనికి పంపకూడదని నిబంధన పెడితే, వాళ్ళు విజిట్ వీసాల మీద పోయి ఇంకా పెద్ద కష్టాల్లో పడ్డారు. ఇంకో వైపు, చెక్ తీసేస్తే ఏజెంట్లకు పట్టపగ్గాలు ఉండవు అనేవాళ్ళు ఉన్నారు. ఈసీఎన్‌ఆర్ వాళ్ళు కూడా పోయే ముందు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ చేసుకోవాలని 2018 నవంబర్‌లో విదేశాంగ శాఖ చెప్పింది, 2019 జనవరి 1 నుంచి అమలు అన్నది. గొడవ కాగానే ఆపేసింది. నా మాట ఒకటే. మనిషి చదువును బట్టి కాదు, పోయే పనిని బట్టి రక్షణ ఉండాలి. ఎవరినీ ఆపొద్దు, అందరికీ బీమా ఇవ్వండి.

అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది విజిట్ వీసా. కొందరు ఏజెంట్లు కంపెనీ వీసా అని డబ్బు తీసుకుంటారు, తీరా చేతిలో పెట్టేది టూరిస్ట్ వీసా. అక్కడ దిగాక మారుస్తారట. "అన్నీ మా ఏజెంటే చూసుకుంటా అన్నడు అక్కా" అని పిల్లలు నాకు చెప్తారు. విజిట్ వీసా అంటే చట్టం లెక్కలో అతను పనికి పోవడమే లేదు. క్లియరెన్స్ లేదు, ఒప్పందం లేదు, పాలసీ లేదు. వీసా గడువు దాటితే ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేకుండా అక్కడ చిక్కుకున్న మనిషి. తర్వాత ఆమ్నెస్టీ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష) కోసం, ఔట్ పాస్ (ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే కాగితం) కోసం ఎదురుచూపులు. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న మనిషికే ఈ 275 రూపాయల గొడుగు లేదు. ఇది అతని తప్పని అనేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. అప్పు తెచ్చి, మోసపోయి, పరాయి దేశంలో చిక్కుకున్నవాడు దొంగ కాదు.

లాయరు ఖర్చు 45 వేలు గురించి కూడా చెప్పాలి. దిర్హమ్‌లలో రెండు వేల చుట్టూ అవుతుంది. జీతం ఎగ్గొట్టిన కంపెనీ మీద కేసు నడపడానికి అదేం సరిపోతుంది? 2020లో కరోనాకు పనులు పోయి వచ్చేసినవాళ్ళ జీతాలు, సర్వీసు డబ్బులు అక్కడే మిగిలిపోయాయి. మా మరిది కూడా అలా వచ్చినవాడే. అదే ఏడాది సెప్టెంబర్‌లో, గల్ఫ్‌కు పోయేవాళ్ళ కనీస జీతాల రిఫరెన్సును (ఇంతకు తగ్గకూడదని పెట్టే లెక్కను) కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. గల్ఫ్ కార్మికుల సంఘాలు తెలంగాణ హైకోర్టుకు పోయి కొట్లాడాయి, 2021లో కేంద్రం వెనక్కి తీసుకుంది. కార్మికుడి జీతం తగ్గితే దేశానికి ఉద్యోగాలు మిగులుతాయని అప్పుడు చెప్పిన కారణం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఇప్పుడు 1983 చట్టం తీసేసి కొత్తది తెస్తామంటున్నారు. ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు 2025 ముసాయిదా పెట్టి అక్టోబర్‌లో అభిప్రాయాలు అడిగారు. నా దగ్గరికి వచ్చే వందల ఇళ్ళలో దాని పేరు విన్నవాళ్ళు లేరు. ఎవరి కోసం చట్టమో వాళ్ళకు అర్థమయ్యే భాషలో అడగాలి, గల్ఫ్ పల్లెల్లో గ్రామ సభ పెట్టి అడగాలి. సహజ మరణానికి బీమా, ఈసీఎన్‌ఆర్ కార్మికులకు బీమా, తిరిగొచ్చాక కూడా జీతం కోసం కేసు వేసే వీలు, ఈ మూడూ అందులో ఉండాలి.

ఇంతా చెప్పి కొనమంటావా అంటే, తప్పకుండా కొనండి. క్లియరెన్స్ మీద పోయేవాళ్ళు పాలసీ కాపీ ఏజెంటు దగ్గర వదిలేయకండి, అడిగి తీసుకోండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీ 30 వేలు, జీఎస్టీతో 35,400 మించకూడదు. రసీదు ఇవ్వనంటే అక్కడితో లేచి రండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో జాబితా చూస్తే తెలుస్తుంది. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించండి, పిలుపు పేరు వద్దు. పాలసీ ఫోటో, పాస్‌పోర్ట్ ఫోటో, ఒప్పందం ఫోటో ఇంట్లో ఆడవాళ్ళ ఫోన్లో ఉండాలి.

రెన్యువల్ మరిచిపోకండి. రెండేళ్ళ పాలసీ తీసుకొని నాలుగేళ్ళు ఉండేవాళ్ళే ఎక్కువ, మూడో ఏడు ఏదైనా అయితే పైసా రాదు. మనిషి అక్కడే ఉండగా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. ఇంట్లోవాళ్ళు పాస్‌పోర్ట్ కాపీ, పాత పాలసీ నంబరు పట్టుకొని ఏ నెట్ సెంటర్‌కు పోయినా పని అయిపోతుంది. కొత్తగా కట్టేటప్పుడు మూడేళ్ళదే తీసుకోండి.