ముసాయిదా చట్టాలపై విద్యార్థులతో అభిప్రాయం రాయించడం: ఏడేళ్లు చేశాక నా సమీక్ష

గుంటూరులో లా విద్యార్థులకు సైబర్ చట్టాలు చెబుతాను. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ డేటా రక్షణ బిల్లు ముసాయిదా ఇచ్చినప్పుడు మొదటిసారి క్లాసంతా కలిసి అభిప్రాయం రాసి పంపాం. కేంద్రం 2022 నవంబరులో ఇచ్చిన కొత్త ముసాయిదాకు మళ్లీ రాశాం. 2023లో అది చట్టమయ్యాక, దాని అమలుకు 2025 జనవరిలో వచ్చిన నిబంధనల ముసాయిదాకు మూడోసారి.

మొదటిసారి రాసింది ఇప్పుడు చదివితే నాకే నచ్చదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన పుట్టస్వామి తీర్పులోంచి పేరాలు, యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌తో పోలికలు, అంతే. ఏ క్లాజులో ఏ మాట మార్చాలో ఒక్కచోటా లేదు. గుంటూరు వాళ్లు రాశారన్న గుర్తూ లేదు.

2022 ముసాయిదాలో 30 క్లాజులే. చిన్న జట్లుగా పంచి, ముందు తెలుగులో చెప్పమన్నాను. 'డేటా ఫిడ్యూషియరీ'కి, అంటే మన డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థకు, తెలుగు మాట వెతకడానికే ఒక పూట పట్టింది. వెతికాకే అందులో నమ్మి అప్పగించడం అన్న అర్థం ఉందని పిల్లలకు బోధపడింది. 'డీమ్డ్ కన్సెంట్' మీద రెండు రోజులు వాదించుకున్నారు: అడగకుండానే ఒప్పుకున్నట్టు ఎలా అనుకుంటారని. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చేసరికి ఆ పేరు పోయింది, సెక్షన్ 7 'కొన్ని న్యాయమైన ఉపయోగాలు' అయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది నిజంగా మారిందో, ఏది పేరుకే మారిందో చూశారు. చట్టం ఎలా తయారవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న, సరిగ్గా సంక్రాంతి ముందు వచ్చింది. ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఒకటే పని చెప్పాను: ఇంట్లోవాళ్లను అడిగి రండి. ఈ చట్టంలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటా తీసుకోవాలంటే అమ్మానాన్నల సమ్మతి సరిచూసుకోవాలి. ఐదేళ్ల కోర్సు మొదటి ఏడాదిలో 17 ఏళ్ల అబ్బాయి "నాకూ అమ్మ సమ్మతి కావాలా సార్?" అని ఆశ్చర్యపోయాడు. కావాలి మరి. మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లి ఉన్న అమ్మాయి సెలవుల తర్వాత వచ్చి, "మా అమ్మ ఫోన్‌కి ఓటీపీ వస్తే చదివి చెప్పేది మా తమ్ముడే సార్. వాడి కోసం సమ్మతి ఇవ్వాల్సింది మా అమ్మ" అంది. మేం పంపిన కాగితంలో మొదటి పేరా అదే. ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్లకు ఆ మాట తట్టడం కష్టం.

ఇక లోటుపాట్లు. చట్టాలకు ముందు ప్రజల్ని సంప్రదించాలన్న 2014 విధానం కనీసం 30 రోజులు ఇవ్వమంటుంది. పండగ, ఇంటర్నల్ పరీక్షలు పోగా మాకు మిగిలేది పది రోజులు. ఈసారి గడువు మార్చి 5 వరకు పొడిగించబట్టి గట్టెక్కాం. అంతకన్నా నన్ను బాధపెట్టేది, పంపిన అభిప్రాయాలను బయటపెట్టబోమనడం. వేరేవాళ్లు ఏం రాశారో చదివి నేర్చుకునే దారి పిల్లలకు లేదు. మన మాట ఎవరైనా చదివారో లేదో తెలియదు. కొందరు అక్కడే నీరుగారిపోతారు, వాళ్లను తప్పుపట్టలేను.

చేయాలనుకునే లెక్చరర్లకు ఒక మాట. రెండు పేజీలు దాటనివ్వకండి, మార్చాల్సిన వాక్యాన్ని వాళ్లతోనే తిరగరాయించండి. ఇంటర్నల్ మార్కులు తప్పకుండా ఇవ్వండి.

2025 నవంబరులో తుది నిబంధనలు వచ్చిన రోజు ఆ అమ్మాయే ముందుగా పిల్లల డేటాకు సమ్మతి గురించిన పదో నిబంధన తెరిచింది. సమ్మతి పద్ధతి చాలావరకు అలాగే ఉంది. అది అమల్లోకి రావడానికి 18 నెలల గడువుంది. ఈలోగా యార్డులో, బ్రాడీపేట మొబైల్ షాపుల్లో ఇంకా ఎక్కువమందిని అడిగే పని ఈ బ్యాచ్‌తో మొదలుపెట్టాం.